శ్రమ, మొర, నిలదీత: తెలుగు క్రైస్తవ రచనలో బాధ

కిందటి విద్యా సంవత్సరంలో మా పీఠంలో కీర్తన వాఙ్మయం గురించి జరిగిన ఒక తరగతి ఈ వ్యాసానికి కారణం. ఆ రోజు పాఠం క్రైస్తవ కీర్తనల భాష. బైబిలు తెలుగులోనూ చర్చి పాటల్లోనూ ‘శ్రమ’ అనే మాట ‘బాధ’ అనే అర్థంలో వస్తుందనీ, బయటి తెలుగులో అది ‘పని’, ‘కాయకష్టం’ వైపు జరిగిపోయిందనీ, కాబట్టి ఈ ప్రయోగం ఇప్పటి చదువరికి కొంత ఎబ్బెట్టుగా తోస్తుందనీ మేము నల్లబల్ల మీద రాసి చూపించాము. పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి, “మా అమ్మమ్మకి ఎబ్బెట్టుగా ఉండేది కాదండి” అన్నాడు. ఆవిడ పక్షవాతంతో మూడేళ్లు మంచాన ఉందట. ఒరియా బడిలో చదువుకున్న మనవడి చేత ఆవిడ పాడించుకున్నవి తెలుగు కీర్తనలే. తన జబ్బుని ఆవిడ రోగమని గాని, బాధ అని గాని అనేది కాదట. ‘నా శ్రమ’ అనేదట. ఇంతవరకు చెప్పి ఆ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు: “ఆవిడ ఒక్కసారి కూడా ‘నాకే ఎందుకు’ అని దేవుణ్ణి అడగలేదండి. అది విశ్వాసమా, లేకపోతే అడగడానికి పాటల్లో మాట లేకపోవడమా?”

ఆ పూట మేము సరైన సమాధానం చెప్పలేకపోయాము. భాషాశాస్త్రం వెనక దాక్కుని, మాటల అర్థవిపరిణామం గురించి నాలుగు ముక్కలు చెప్పి తరగతి ముగించాము. ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నమే ఈ వ్యాసం. ఇది మతబోధ కాదు, మతఖండనా కాదు. బాధపడే మనిషికి తెలుగు క్రైస్తవ రచన ఏ మాటలు ఇచ్చింది, ఏ మాటలు ఇవ్వలేదు అని పరిశీలించడమే మా ఉద్దేశం. ఒక భక్తి సాహిత్యం విలువని దాని స్తుతిగీతాల సొగసుని బట్టి మాత్రమే కట్టడం సరికాదనీ, నొప్పిలో ఉన్నవాడికి అది ఎంత నోరు ఇస్తుందో కూడా చూడాలనీ మా అభిప్రాయం.

మాట వెనక మాట

సంస్కృతంలో ‘శ్రమ’కి అలసట, ఆయాసం, ప్రయాస అనేవి ముఖ్యార్థాలు. తెలుగులో ఈ మాట రెండు దారులు పట్టింది. ‘శ్రమజీవి’, ‘శ్రమదానం’ అన్నప్పుడు అది పని. ‘మీకు శ్రమ ఇచ్చాను’ అన్నప్పుడు అది ఇబ్బంది. తమిళనాట పెరిగిన మన విద్యార్థులకి ఈ రెండో అర్థమే దగ్గరగా ఉంటుంది. తమిళంలో ‘సిరమం’ అంటే కష్టమే. కన్నడ ప్రాంతం వారికి మొదటి అర్థం ముందు తోస్తుంది. క్రైస్తవ తెలుగు ఈ రెండో దారిని చాలా దూరం తీసుకుపోయింది. క్రీస్తు పడిన యాతన ‘శ్రమలు’. ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస దినాలు ‘శ్రమకాలం’. ఆఖరి వారం ‘శ్రమల వారం’. రోమా పత్రికలో పౌలు శ్రమనుంచి ఓర్పు, ఓర్పునుంచి మరొకటి, దానినుంచి నిరీక్షణ పుడతాయని వరుసగా పేర్చి చెప్పిన చోట కూడా అనువాదకులు వాడిన మాట ఇదే.

ఇది పొరపాటు అనువాదం కాదని ఇప్పుడు మాకు స్పష్టంగా తోస్తున్నది. దేశ్యపదం ‘పాటు’ని చూడండి. ‘పడు’ ధాతువునుంచి వచ్చిన ఈ మాటకి ‘పాటుపడు’ అన్నప్పుడు కష్టించి పనిచేయడమనీ, ‘నానా పాట్లు’ అన్నప్పుడు బాధలనీ అర్థం. తమిళ బైబిలులో క్రీస్తు బాధలకి వాడిన ‘పాడుగళ్’ కూడా దీని చుట్టమే. అంటే పనిని, బాధని ఒకే మాటలో పట్టి ఉంచడం మన భాషలకి కొత్త కాదు. (‘పాట’ మాత్రం ‘పాడు’ ధాతువుది. పాటు నుంచే పాట పుట్టిందని చెబితే వినడానికి బాగుంటుంది గాని, శాస్త్రం ఒప్పుకోదు.)

వాక్యనిర్మాణంలో ఇంకొక విశేషం ఉంది. నొప్పిని చెప్పేటప్పుడు తెలుగువాడు తనని తాను చతుర్థిలో పెట్టుకుంటాడు: ‘నాకు నొప్పిగా ఉంది’, ‘నాకు బాధ కలిగింది’. నొప్పి ఎక్కణ్ణుంచో వచ్చింది. ‘నేను’ అది వచ్చి పడిన చోటు మాత్రమే. ‘శ్రమపడుతున్నాను’, ‘శ్రమ సహిస్తున్నాను’ అన్నప్పుడు ‘నేను’ మళ్లీ కర్త స్థానంలోకి వస్తుంది. మంచాన పడి చెయ్యి కదపలేని ముసలమ్మ తన జబ్బుని ‘నా శ్రమ’ అన్నదంటే, వాక్యంలోనైనా తాను చేసేదేదో ఒకటి ఉన్నదని చెప్పుకున్నదన్నమాట. తరగతిలో మేము ఎబ్బెట్టు అని కొట్టిపారేసిన ప్రయోగం ఆవిడకి ఒక గౌరవం ఇచ్చింది. ఈ సంగతి మాకు బోధపరచినది నిఘంటువు కాదు, ఆ మనవడు.

అయితే ఈ గౌరవానికి ఒక వెల ఉంది. శ్రమని ఓర్చుకోవాలి, ఓర్చుకుంటే ఫలం వస్తుంది. పనికి కూలి ఉన్నట్టే శ్రమకి ప్రతిఫలం ఉంటుందన్న ఊహ మాటలోనే ఇమిడి ఉంది. ప్రతిఫలం కనపడని బాధ మాటేమిటి? పసిబిడ్డ చనిపోతే దాన్ని ఏ పని అనాలి? ‘శ్రమ’ అనే మాట ఇక్కడికి వచ్చి ఆగిపోతుంది.

చూసి ఏడ్చే పాట

తెలుగు క్రైస్తవ కీర్తనకి ఆద్యుల్లో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). మన విద్యార్థులు గమనించవలసిన విషయం, ఆయన పుట్టినది పర్లాకిమిడి ప్రాంతంలో. 1833లో బాప్తిస్మం పొందినది కటకంలో. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం అటు వెళ్లింది. ఈ కీర్తన సంప్రదాయం మొదలైన తావుల్లో కొన్ని ఇవాళ ఆంధ్రప్రదేశ్ ఎల్లల బయట ఉన్నాయి. మీలో చాలామందికి ఇది పరాయి సరుకు కాదు, పొలిమేర సరుకు.

చౌదరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. సంస్కృతం, తెలుగు ఛందస్సు, సంకీర్తన సంప్రదాయం తెలిసినవాడు. కొత్త విశ్వాసానికి ఆయన పాశ్చాత్య బాణీ వెతుక్కోలేదు. పల్లవి, అనుపల్లవి, చరణం అనే అమరికనే తీసుకున్నాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పాటల పుస్తకం తిరగేస్తే ఎన్నో పాటల నెత్తిమీద రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. దేవుడు మారినా గాత్రం మారలేదు.

ఈ పుస్తకంలో క్రీస్తు శ్రమలమీద ఉన్న పాటల ప్రత్యేకత ఏమిటంటే, అవి ప్రధానంగా చూపించే పాటలు. వినేవాణ్ణి సిలువ ముందుకి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ముళ్లు, మేకులు, నెత్తురు, దాహం ఒక్కొక్కటిగా చూపిస్తాయి. చరణం చరణానికీ ఒక గాయం. పల్లవికి తిరిగి వచ్చినప్పుడల్లా ‘ఇదంతా ఎవరి కోసం’ అనే స్పృహ. కీర్తన నిర్మాణమే దీనికి అనుకూలం. కథ చరణాల్లో ముందుకి నడుస్తుంది, కన్నీరు పల్లవిలో మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది.

శుక్రవారం ఆరాధనలో ఈ పాటలు విన్నవారికి ఒక సంగతి తెలుసు. ఏడ్చేవాళ్లు క్రీస్తు కోసం ఏడుస్తున్నట్టే కనిపిస్తారు. కాని ఆ ఏడాది కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఏడుపు వేరు, అప్పులపాలైన రైతు ఏడుపు వేరు. ఎవరి ఏడుపు వారిదే. పాట మాత్రం ఒకటి. తన బాధని పేరు పెట్టి చెప్పుకోలేనివారు మరొకరి బాధ అనే ముసుగు కింద దాన్ని బయటికి తెచ్చుకుంటారు. హరిశ్చంద్ర నాటకం కాటిసీను దగ్గర ఊళ్లకి ఊళ్లు కన్నీరు పెట్టుకోవడంలో ఉన్న ధర్మం ఇదే. ఇది చిన్న సేవ కాదు. తెలుగు క్రైస్తవ కీర్తన బాధకి ఇచ్చిన మొదటి జవాబు ఇది: ‘నువ్వొక్కదానివే కాదు, చూడు, ఆయన కూడా.’

రెండో జవాబు మొర. ఆదుకోమని, చెయ్యి అందించమని, విడిచిపెట్టవద్దని వేడుకునే పాటలు ఈ పుస్తకంలో కొల్లలు. భక్తుడు తన పాపాన్ని ఒప్పుకుంటాడు, తన అశక్తతని చెప్పుకుంటాడు, కృప అడుగుతాడు. భాష ఆర్ద్రంగా ఉంటుంది. వినయం ఎక్కడా తప్పదు.

కీర్తన వదిలేసినది

మొరకీ నిలదీతకీ భేదం ఉంది. మొర సహాయం అడుగుతుంది. నిలదీత జవాబు అడుగుతుంది. మొరపెట్టేవాడు మోకాళ్ల మీద ఉంటాడు, నిలదీసేవాడు పేరుకి తగ్గట్టే నిలబడి ఉంటాడు. మేము చూసినంతలో, సంఘాల్లో తరచుగా పాడే తెలుగు కీర్తనల్లో మొర నిండుగా ఉంది గాని నిలదీత దాదాపు లేదు.

ఈ లోటుకి కారణం మూలగ్రంథమని అనడానికి వీల్లేదు. ‘కీర్తనల గ్రంథము’ అని మనం పిలిచే పుస్తకంలో దాదాపు మూడోవంతు విలాపాలేనని పండితులు లెక్కగడతారు. ‘ఎంతకాలం’, ‘ఎందుకు’ అనే ప్రశ్నలు దేవుడి ముఖం మీదే అడిగినవి అందులో ఎన్నో ఉన్నాయి. తక్కిన విలాపాల్లో చాలావాటికి చివర ఆశ వైపు ఒక మలుపు ఉంటుంది. ఎనభై ఎనిమిదవ కీర్తన మాత్రం ఏ ఓదార్పుకీ తిరగకుండా చీకటితోనే ముగుస్తుంది. అలాంటి దాన్ని కూడా ఆరాధన గ్రంథంలో ఉంచారంటే, ఆ కూర్పరులు నిరాశకి సైతం గుడిలో చోటు ఉందని నమ్మారన్నమాట. ఇక యోబు గ్రంథం సరేసరి.

యోబు కథలో మనకి ముఖ్యమైనది స్నేహితుల పాత్ర. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు అతణ్ణి ఓదార్చడానికి వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాటాడకుండా నేలమీద కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు విప్పాకే చెడింది. బాధ వచ్చిందంటే పాపం ఉండి తీరాలి, ఒప్పుకో, బాగుపడతావు. ఇదీ వాళ్ల వాదం. యోబు ఒప్పుకోలేదు. దేవుడితోనే వ్యాజ్యం వేసుకుంటానన్నాడు. గ్రంథం చివర దేవుడు తప్పు పట్టినది తన తరఫున వాదించిన స్నేహితులని. తనని గురించి యుక్తంగా పలికినవాడు యోబేనని తేల్చాడు. దేవుణ్ణి సమర్థించినవాళ్లు ఓడిపోయి, నిలదీసినవాడు గెలిచిన ఈ కథ తెలుగు బైబిలులో ఉంది. తెలుగు పాటలో లేదు.

పోనీ తెలుగు భక్తిలో దేవుణ్ణి నిలదీసే అలవాటు లేదా అంటే, పుష్కలంగా ఉంది. పదిహేడో శతాబ్దిలో గోలకొండ చెరసాలలో పడిన కంచర్ల గోపన్న, రామదాసుగా, రాముడికీ సీతకీ చేయించిన నగలని లెక్కలు కట్టి ఎత్తిపొడిచాడు. ఎవడబ్బ సొమ్మని అనుభవిస్తున్నావన్న ధోరణిలో తిట్టాడు. తిట్టాక, దెబ్బలకి ఓర్వలేక తిట్టానని క్షమాపణా అడిగాడు. ఆ తిట్టులో ఉన్న చనువు భక్తికి తక్కువ కాదు, భక్తికి పరాకాష్ఠ. చౌదరి తరంవారికి ఈ సంప్రదాయం తెలియనిది కాదు. రాగం తీసుకున్నారు, తాళం తీసుకున్నారు, సంబోధన తీసుకున్నారు. తగవు మాత్రం తీసుకోలేదు.

ఎందుకు తీసుకోలేదు? కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి, ఇరుగుపొరుగు చూస్తుండగా తమ దేవుణ్ణి నిలదీయడం సులభం కాదు. ఇంట్లో ఎన్ని తగవులున్నా వీధిలో చెప్పుకోము కదా. మతం మారినవాడి ప్రతి కష్టాన్నీ ‘మారినందుకు తగిన శాస్తి’ అనే లోకం చుట్టూ ఉన్నప్పుడు, ‘దేవా, ఎందుకిలా చేశావు’ అని బాహాటంగా పాడటం అంటే ఎదుటివాడికి ఆయుధం అందించడమే. ఇది మా ఊహ మాత్రమే గాని, ఆ కాలపు పరిస్థితులకి విరుద్ధమైన ఊహ కాదనుకుంటాము.

మరొక కారణం రాసినవారికీ పాడినవారికీ మధ్య ఉన్న దూరం. తెలుగు క్రైస్తవ సంఘంలో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ వాడలనుంచి వచ్చినవారు. 1876–78 కరవు కాలంలో ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ జనానికి ‘శ్రమ’ రెండు అర్థాల మాట కాదు: కాలువ తవ్వడమూ శ్రమే, ఆకలీ శ్రమే. వారి చేతికి అందిన పాటల పుస్తకంలో పాపపు బాధ ఉంది, మరణభయం ఉంది. అంటరానితనపు బాధ, ఆకలి బాధ పేరు పెట్టి చెప్పినవి బహు స్వల్పం. వారి ప్రశ్న పాటలో చేరడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. చేరినప్పుడు కూడా అది చర్చి పాటగా రాలేదు.

గబ్బిలం చెవిలో

గుర్రం జాషువ (1895–1971) వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. అటు కులం పేర పండితుల తిరస్కారం, ఇటు పురాణాలు చదివి పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దల కినుక, రెండూ చవిచూశాడు. 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపితే, ఇక్కడ ఆకలిగొన్న అంటరానివాడు శివుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. ప్రియురాలి విరహం చోట ఆకలి, మేఘం చోట అపశకునపు పిట్ట. ఆ మనిషికి గుడి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. తలకిందులుగా గర్భగుడిలో వేలాడే ఆ ప్రాణి, పూజారి లేని వేళ చూసి దేవుడి చెవిలో ఈ మాట వెయ్యాలి.

ఏమిటా మాట? దయ చూపమని మాత్రమే కాదు. కర్మసిద్ధాంతం పేరు చెప్పి తన నోరు కట్టేసి, తన కూడు ఇంకెవరో తింటున్నారనీ, ఆ కర్మ అనేది ఏమిటో, దానికి తనమీద పగ ఎందుకో ఈశ్వరుడి చేతనే రుజువు చేయించమనీ అడుగుతాడు. ‘రుజువు’ న్యాయస్థానపు మాట. మొర కాస్తా వ్యాజ్యంగా మారిన చోటు ఇది. యోబు తన స్నేహితుల వాదాన్ని తోసిపుచ్చి దేవుడి ఎదటే వాదం వినిపిస్తానన్న ఘట్టాన్ని దీని పక్కన పెట్టి చదవండి. బాధని పాపఫలంగా చెప్పిన మిత్రత్రయం వాదానికీ, పూర్వజన్మ ఫలంగా చెప్పిన కర్మవాదానికీ పని ఒక్కటే: బాధపడేవాడి నోరు మూయడం. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ‘ఎవరి పాపం? వీడిదా, వీడి తల్లిదండ్రులదా?’ అన్న అర్థంలో అడిగినప్పుడు, యేసు ఆ రెండు దారులనీ కాదని, ఆ మనిషి కళ్లకి చూపునిచ్చే పనికి పూనుకున్నాడు. క్రైస్తవ గ్రంథంలోని ఈ తిరస్కారం తెలుగులో అత్యంత తీవ్రంగా వినిపించిన చోటు, మా దృష్టిలో, శివుడిని ఉద్దేశించిన ఒక పద్యకావ్యం.

ఇక్కడ ఒక ఆక్షేపణకి సమాధానం చెప్పాలి. జాషువ తనని విశ్వనరుడిగా చెప్పుకున్నాడు. ‘గబ్బిలం’లో దేవుడు కాశీ విశ్వేశ్వరుడు, సంప్రదాయం కాళిదాసుది, కోపం కులం మీద. దీన్ని క్రైస్తవ రచన అనడం కబ్జా కాదా? కబ్జానే. మేము ఆ పని చేయడం లేదు. ఆ కావ్యాన్ని చర్చికి రాసి ఇవ్వమనడం లేదు. ఒక సంఘపు పాటల పుస్తకంలో చోటు దొరకని ప్రశ్న, ఆ సంఘంలో పుట్టిన కవి చేతిలో, ఇతర దేవుడి గుడి ముందు, ఇతర కావ్యరూపంలో బయటపడిందని మాత్రమే అంటున్నాము. ఇది సంఘానికి గర్వకారణమా, హెచ్చరికా అన్నది పాఠకులే తేల్చుకోవాలి. మా మట్టుకు మాకు రెండూ అనిపిస్తుంది.

ఆ తర్వాత 1958లో జాషువ ‘క్రీస్తు చరిత్ర’ వెలువడింది. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. క్రీస్తు గురించి జాషువ ఏమన్నాడో తెలుసుకోవాలంటే మన విద్యార్థులు ఆ కావ్యాన్నే తెరుస్తారు. అది సహజమే. కాని బాధ విషయంలో జాషువని చదవాలంటే రెండింటినీ కలిపి చదవాలి. ఒకదానిలో బాధపడినవాడి చరిత్ర ఉంది. రెండోదానిలో బాధపడుతున్నవాడి ప్రశ్న ఉంది. మొదటిదానికి బహుమానం వచ్చింది. రెండోది జనం నోట నిలిచింది.

‘మా’ అన్నప్పుడు, ‘మన’ అన్నప్పుడు

మళ్లీ భాష దగ్గరికి వద్దాం. సిలువమీద యేసు పలికిన ఏడు మాటల్లో ఒకటి ప్రశ్న. అది ఇరవై రెండవ కీర్తన మొదటి వాక్యమే. ఆ కేకలోని ‘లామా’ అనే హీబ్రూ మాటకి ‘దేనికి’ అని అక్షరార్థం. మన ‘ఎందుకు’ కూడా ‘ఎందు’కి చతుర్థి చేరగా వచ్చినదే. రెండు భాషల్లోనూ ఆ మాట కారణాన్నీ అడుగుతుంది, ప్రయోజనాన్నీ అడుగుతుంది. ‘ఏం తప్పు చేశానని?’ అన్నదీ అదే, ‘దీనివల్ల ఏం ఒరుగుతుందని?’ అన్నదీ అదే. తెలుగు బైబిలులో కీర్తనల గ్రంథం దగ్గర ‘విడనాడు’ అనే గ్రాంథిక క్రియ వాడగా, మత్తయి సువార్తలో ‘చెయ్యి విడుచు’ అనే జాతీయం వాడారు. తిరునాళ్లలో తండ్రి చెయ్యి జారిన పిల్లవాడి ప్రాణం ఎలా ఉంటుందో ఎరిగిన భాష అది. అనువాదకుల చేతిలో ఇంత మంచి మాట పడ్డది. నిలదీతకి ఇంతకంటె పెద్ద ప్రమాణం క్రైస్తవుడికి ఇంకేం కావాలి? దేవుడి కుమారుడని నమ్మేవాడే ‘ఎందుకు’ అని అడిగి ఉండగా, మంచాన పడిన ముసలమ్మ అడగడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

మరొక చిన్న వ్యాకరణ విషయం. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’ అనే భేదం తెలుగులో ఉంది. తమిళంలో ఉంది, మరాఠీలో ఉంది, ఇప్పటి కన్నడంలో లేదు. బెంగళూరు, కోలారు పిల్లల తెలుగులో ఈ భేదం చెదిరిపోవడం మేము తరచుగా వింటుంటాము. బైబిలు మూలభాషలైన హీబ్రూ, గ్రీకుల్లో కూడా ఈ భేదం లేదు. కాబట్టి తెలుగు అనువాదకులు ప్రతిచోటా తామే తేల్చుకోవలసి వచ్చింది. దేవుడితో మాట్లాడేటప్పుడు సహజంగా ‘మా’ అన్నారు: మా అపరాధాలు, మా ఆహారం. ప్రార్థనలో దేవుడు వినేవాడు, మన జట్టులోవాడు కాడు. కాని ఇమ్మానుయేలు అనే పేరుకి అర్థం చెప్పే చోట ‘మనకు’ తోడు అన్నారు. అక్కడ చెప్పేవాడూ వినేవాడూ ఒక జట్టు, తోడుండేవాడు దేవుడు.

క్రైస్తవ విశ్వాసం బాధ గురించి చెప్పేది ఈ రెండు సర్వనామాల మధ్య ఉందని మాకు తోస్తుంది. ‘మా బాధ నీకేం తెలుసు’ అనడానికి ‘మా’ కావాలి. అది నిలదీత. ‘ఇది మన బాధ’ అని పక్కన కూర్చోవడానికి ‘మన’ కావాలి. అది ఓదార్పు. మొదటిది అననివ్వకుండా రెండోది అనిపించాలని చూస్తేనే చిక్కు. మా ఇంట్లో ఒక మరణం జరిగినప్పుడు వచ్చినవారిలో కొందరు ‘అంతా కర్మ’ అన్నారు, కొందరు ‘దైవచిత్తం’ అన్నారు. మతాలు వేరైనా ఆ రెండు మాటలూ ఒకేలా చెవిన పడ్డాయి. రెండూ తలుపు వేసిన చప్పుళ్లే. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించిన పొరుగావిడ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ చేసిన పని ఆవిడ చేసింది.

తెలుగులో ఓదార్చడానికి వెళ్లడాన్ని ‘పరామర్శ’ అంటాము. పరిశీలించి విచారించడాన్నీ ‘పరామర్శ’ అనే అంటాము. సంస్కృతంలో దాని తొలి అర్థం చేత్తో తాకడం. తాకడం, అడగడం, ఆలోచించడం మూడూ ఒక మాటలో ఉన్నాయి. విమర్శకుడి పనీ, ఓదార్చేవాడి పనీ అంత దూరం కావని ఈ మాట గుర్తు చేస్తుంది.

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. అతని అమ్మమ్మ అడగకపోవడం విశ్వాసమా, మాట లేకపోవడమా? ఆవిడ మనసు మనకి తెలియదు. తెలిసినట్టు మాట్లాడటం యోబు స్నేహితుల పని. ‘నా శ్రమ’ అన్న మాటలో ఒక బలం ఉన్నదని చెప్పగలము. ఆవిడ పాడించుకున్న పుస్తకంలో మరొక రకం మాట దొరకడం కష్టమనీ చెప్పగలము. మాట దొరికి కూడా వాడకపోవడం ఒకటి, దొరకకపోవడం ఒకటి. రెండింటికీ బయటికి ఒకటే నిశ్శబ్దం. ఆవిడది మొదటిదే అయి ఉండవచ్చు. రెండోది అయిఉంటే ఆ తప్పు ఆవిడది కాదు.

మన విద్యార్థులు చేయగల పని ఒకటి ఉంది. అచ్చయిన పాటల పుస్తకం మొత్తం కథ చెప్పదు. బరంపురంలో, పర్లాకిమిడిలో, కోలారు గనుల పాత లైన్లలో, చెన్నై తెలుగు సంఘాల్లో, యానాంలో చావింట ఆడవాళ్లు రాగాలు తీసి పెట్టే శోకాల్లో, రాత్రి ప్రార్థనల్లో సొంతంగా అల్లుకునే మాటల్లో ‘ఎందుకు’ అనే ప్రశ్న ఉండే ఉంటుంది. పెద్దలు ‘ఊరుకో, నిరీక్షణ లేనివాళ్లలా ఏడవకు’ అని ఆపేముందు ఆ తల్లులు ఏమన్నారో వినండి. ఇంటివారి అనుమతితో, పేర్లు లేకుండా, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. ‘మేము’ అన్నారా, ‘మనం’ అన్నారా, ‘నాకు’ అన్నారా, ‘నేను’ అన్నారా అన్నది కూడా జాగ్రత్తగా రాసుకోండి. ఆ నిలదీత దొరికితే ఈ వ్యాసంలోని ముఖ్యప్రతిపాదన కొంత తప్పని తేలుతుంది. అది తప్పని తేలితే అందరికంటె ముందు సంతోషించేది మేమే.